పదకొండు సెకన్లు

ఎనిమిది నుంచి పన్నెండుకి
ఎగిరి దూకే దారి లేదు.
తొమ్మిది గుమ్మంలో కాసేపు ఆగాలి,
పదిలో కాసేపు, పదకొండులో కాసేపు.
వార్డో రేవు ఆఫీసులో
పాత ఆటుపోట్ల పట్టిక వెనకవైపు
ఆ అంకెలు పెన్సిల్‌తో వేసుకుని
నవంబరంతా వాటి మధ్య బాణాలు గీశాను, చెరిపాను.

ఆరేళ్ళుగా కన్ను మూయని యంత్రం.
దాని ఫ్యాను మోత ఒక్క క్షణం తగ్గినా
గదిలో అందరం తలెత్తుతాం.
పాత ప్యాకేజీల గిడ్డంగి ఎప్పుడో ఆర్కైవుకి తరలిపోయింది.
మాది మాత్రం రోజూ తెల్లారగట్ల
పాత చిరునామాకే వెళ్ళి
తలుపు తట్టి తిరిగొస్తుంది.
తెల్లారగట్ల అన్నాను గానీ
ఇక్కడ నవంబరు చివర్లో వెళ్ళిన సూర్యుడు
జనవరి మూడోవారం దాకా మొహం చూపించడు.
ఆయనకీ అడ్డదారి లేదు.

తొమ్మిదిలో నెట్‌వర్కు కార్డు పేరు మారుతుంది.
అదే కార్డు, అదే కేబులు,
కొత్త పేరుతో పిలిస్తే తప్ప పలకదు.
ముందే రాసిపెట్టుకోకపోతే
కీబోర్డు చంకలో పెట్టుకుని
కింది గదికి దిగాల్సిందే.
పదిలో డేటాబేసు:
పాత కూజా మొత్తం వంచి
కొత్త కూజాలో పోయాలి, చుక్క ఒలక్కుండా.
పన్నెండులో, ఐలర్ట్ స్క్రిప్టులు రాసిన భాష
మాట్లాడేవాళ్ళే ఉండరు.
పదకొండు సంగతి నాకింకా తెలీదు.

ఐలర్ట్ నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న మనిషి.
బోయాని పలకరించే అతని స్క్రిప్టులో
నట్టనడుమ ఒక లైను:
పదకొండు సెకన్లు ఆగు.
దాని నెత్తిన ఒక కామెంటు:
ముట్టుకోవద్దు. కారణం ఉంది.
కారణం మాత్రం రాయలేదు.

ఫోన్ చేశాను.
వెనకాల చేప పొట్ట చీలుస్తున్న చప్పుడు.
"పదకొండా?" అన్నాడు.
చాలాసేపు మాట్లాడలేదు, పదకొండు కంటే ఎక్కువే.
"ఉండేది, సోల్‌ఫ్రిడ్. ఆ రోజు కారణం ఉండేది."

యంత్రానికి నకలు తీసి
నకలు మీద రిహార్సల్ చేశాను.
నాలుగు మెట్లూ ఎక్కింది,
రెండోదాని దగ్గర కొంచెం ఆయాసపడింది.
ఆ లైను తీసేసి నడిపితే
ఇంకా చురుగ్గా నడిచింది.
తీసేద్దామనే అనుకున్నాను.
కోటు గుండీలు పెట్టుకుంటూ
కిటికీ ముందు నిలబడ్డప్పుడు తట్టింది:
నకలులో డిస్కంతా ఉంది, లాగులన్నీ ఉన్నాయి,
ఎవరిదో పుట్టినరోజు కేకు ఫోటో కూడా ఉంది.
సముద్రం లేదు.

కాడ్ చేపలు రాకముందు,
పడవలన్నీ కట్టేసి ఉన్న ఒక మంగళవారం రాత్రి
మొదలుపెట్టాను.
దారి మధ్యలో అది నన్ను అడిగింది:
ఈ ఫైలు నువ్వు మార్చుకున్నావు,
నీది ఉంచనా, కొత్తది వేయనా?
ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే
నీదే ఉంచుతుంది.
ఆ మర్యాదకి నాకు నవ్వొచ్చింది,
అర్ధరాత్రి, ఒంటరిగా, చల్లారిన కాఫీ ముందు.
పదకొండులో ఏమీ జరగలేదు.
దానికే ఎక్కువ భయపడ్డాను.

మూడున్నరకి పన్నెండులో
చివరిసారి ఆరి, వెలిగింది.
ఐలర్ట్ స్క్రిప్టు, నేను తిరగరాసిన కొత్త భాషలో,
అతని లైనుతోనే.
ఆగు.
వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాను.
ఏడు దగ్గర, రేవు గోడ అవతల నల్లటి నీళ్ళలో
అది గొంతు సవరించుకుంటూ ఉండాలి.
పది దాకా వేళ్ళు సరిపోయాయి.
పదకొండోది ఊపిరితో లెక్కపెట్టాను.

అలల ఎత్తు: రెండు మీటర్ల ముప్ఫై.

ఇంటికి వెళ్ళేముందు
అతని కామెంటు కింద నాదొకటి చేర్చాను:
కారణం బోయా నిద్ర లేవడం కావచ్చు,
రూఢిగా తెలీదు, అడిగాను, అతనికీ గుర్తులేదు.
తొమ్మిది సెకన్లు చాలేమో, నేను చూడలేదు.
పదమూడుకి వెళ్ళేవాళ్ళు చూడండి,
పడవలు బయట లేని రోజున.